గిన్నెలో మిగిలిన పిన్ను

మా ఆయన గూ జిన్-హో అంత పిరికివాణ్ణి కొండల దాపున ఉన్న మా జుడోంగ్ ఊరు మొత్తం మీద నేను ఇంకొకణ్ణి చూడలేదు. మార్కెట్టుకి బయలుదేరితే గ్యాసు కట్టేశామో లేదోనని సందు చివర నుంచి రెండుసార్లు వెనక్కి వస్తాడు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే టీవీ ముందు నుంచి కదలడు. గుడారంలో పడుకోమంటే, ఏ పురుగు చెవిలో దూరుతుందోనని తెల్లారేదాకా కూర్చునే రకం. అలాంటి మనిషి పాతికేళ్ళుగా చేస్తున్న పని, జనం జీపుల్ని కొండలూ వాగులూ ఎక్కి దిగే బళ్ళుగా మార్చడం.

జపాన్ చిన్న జీపు ఒకటి తెచ్చి మా షెడ్డులో పెట్టి వెళ్తే, నెల తిరిగేసరికి దాన్ని పోల్చుకోలేరు. స్ప్రింగులు మార్చి రెండంగుళాలు పైకి లేపుతాడు. బురదను పట్టే లావు టైర్లు వేస్తాడు. వాగులో దిగినా ఇంజను ఊపిరాడేలా ఒక గొట్టాన్ని కప్పు దాకా తీసుకెళ్తాడు. కప్పు మీద విప్పుకునే గుడారం, వెనక సీటు తీసేస్తే చెక్క మంచం, దాని కింద సొరుగుల్లో పొయ్యి, నీళ్ళ డబ్బా, అన్నం కుక్కరు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పక్క నగరం సిన్‌చూలోని కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీల ఇంజనీర్లు. వారమంతా దుమ్ము కణం కూడా లేని గదుల్లో పనిచేసి, శుక్రవారం రాగానే బురదలో దిగబడాలని తహతహలాడుతుంటారు. నాకు వాళ్ళని చూస్తే నవ్వొచ్చేది. ఆ ఏడాది అక్టోబరు దాకా నవ్వొచ్చేది అనాలి.

పదేళ్ళు దాటిన బండిని ఏడాదికి రెండుసార్లు తనిఖీకి చూపించాలి. లేపిన బండీ, లావు టైర్లూ అక్కడ చెల్లవు. అందుకని తనిఖీకి ముందురోజు ఈయన తన చేత్తో పెట్టినవన్నీ తన చేత్తోనే ఊడదీసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు సామాను మళ్ళీ బిగిస్తాడు. మా షెడ్డు వెనక అరలో ఒక్కో బండి అసలు సామానూ యజమాని పేరుతో మూట కట్టి ఉంటుంది. బండి పెళ్ళిచూపుల్లో పిల్లలా తల వంచుకుని తనిఖీకి వెళ్ళి, ముద్ర వేయించుకుని వస్తుంది. రాగానే మళ్ళీ అన్నీ విప్పి పాత వేషం. తనిఖీ వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు, అందరం ఏమీ తెలియనట్టే ఉంటాం.

ఇన్నిసార్లు విప్పి బిగించే పనిలో పొరపాటు జరగకుండా ఆయనకొక పద్ధతి ఉంది. ఏ బండికి ఎన్ని కొత్త నట్లు, ఎన్ని పిన్నులు కావాలో లెక్కపెట్టి డబ్బాలోంచి స్టీలు గిన్నెలో వేసుకుంటాడు. గిన్నె ఖాళీ అయితేనే బండి గేటు దాటాలి.

ఆ అక్టోబరు శుక్రవారం పొద్దున బండి లియావ్ బో-కాయ్‌ది. చిప్పుల ఇంజనీరే, ముప్ఫై ఏడేళ్ళవాడు, పసుపుపచ్చ జీపు. ముందురోజు తనిఖీ అయింది. ఎనిమిదిన్నరకల్లా భార్య యూ-చిన్‌నీ, ఐదేళ్ళ కూతురు టియెన్-టియెన్‌నీ, తన తల్లినీ వెంటబెట్టుకుని వచ్చేశాడు. పెద్దావిడ ఎప్పుడూ కొండ మీద పడుకోలేదట, ఈసారి పట్టుబట్టి తీసుకెళ్తున్నాడు.

"అన్నా, ఇంకెంతసేపు? పొగమంచు దిగేలోపు పైకి చేరాలి" అన్నాడు.

"అయిపోవచ్చింది, అయిపోవచ్చింది" అని బండి కింద నుంచే బదులిచ్చాడు ఈయన.

నేను బియ్యప్పిండి పట్టీల పులుసు వేడిగా గిన్నెలో పోసి పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి గట్టిగానే అరిచాను. "ఇంకోసారి వేడి చేసేది లేదు! తింటే తిను, లేకపోతే ఆ బండిని తిను!" బో-కాయ్ వాళ్ళు నవ్వారు. ఈయన సిగ్గుపడి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. తిని వెళ్ళేసరికి వాళ్ళు సామాను ఎక్కించేశారు. ఈయన చక్రాలు బిగించి, జాకీ దించాడు. పాప చెయ్యి ఊపింది. బండి వెళ్ళిపోయింది.

పది దాటాక నేను షెడ్డులోకి వెళ్తే, ఆయన స్టీలు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు.

"ఏమైంది?"

గిన్నె నా వైపు వంచాడు. అందులో ఒక చిన్న పిన్ను ఉంది. రెండు కాళ్ళ పిన్ను, ఆడవాళ్ళ జడపిన్నంత. దాన్ని నట్టులోంచి దూర్చి కాళ్ళు విడదీసి వంచేస్తే, బండి ఎంత కుదిపినా ఆ నట్టు తిరగదు.

"ఎక్కడిది?"

"స్టీరింగ్ రాడ్డు చివరిది" అన్నాడు. "నట్టు చేత్తో తిప్పాను. స్పానర్ అందుకోబోతుంటే నువ్వు పిలిచావు. ఆ తర్వాత బిగించానా? బిగించానా, షూ-యిన్? నాకు గుర్తులేదు."

ఆ నట్టు ఊడితే చక్రం ఒకవైపు, చేతిలో స్టీరింగ్ ఒకవైపు. వాళ్ళు వెళ్ళిన దారికి ఒక పక్క కొండ, ఇంకో పక్క మూడు నాలుగు వందల అడుగుల లోయ. నేను మూడోసారి అరవకుండా ఉంటే బాగుండేదన్న మాట ఒక్కటే తలలో తిరిగింది.

బో-కాయ్‌కి ఫోన్ చేశాం. అందుబాటులో లేదంది. యూ-చిన్‌కి చేశాం. అదే మాట.

"పోలీసులకి చెప్తే?"

"చెప్పు. నువ్వు ఫోన్ చేస్తూ ఉండు, నేను బండి తీస్తా."

మాదీ అదే రకం జీపు, కాకపోతే ఒక్క మార్పూ లేనిది. పిరికివాడి బండి అని మా వాళ్ళంతా ఎగతాళి చేస్తారు. పిన్నూ రెండు స్పానర్లూ జేబులో వేసుకుని బయలుదేరాడు. నేను చెప్పులు కూడా మార్చుకోకుండా ఎక్కాను. కొండ కింద ఠాణాలో కుర్రాడు ఫోనెత్తి, పసుపు బండి తొమ్మిదిన్నరకే దాటిందన్నాడు. కబురు పంపుతానన్నాడు గానీ, ఆ పైదారికి వాళ్ళ స్కూటరు వెళ్ళదట.

జియాన్షీ ఊరు దాటాక రోడ్డు ఇరుకైంది. అప్పుడన్నాడు ఆయన, కళ్ళు రోడ్డు మీద నుంచి తిప్పకుండా.

"నేను దారి చూస్తా. నువ్వు కిందకి చూడు."

ఆ మాట విన్నప్పుడు పట్టిన చలి నాకు ఇప్పటికీ వదల్లేదు. ప్రతి మలుపులోనూ కిటికీలోంచి తల బయటపెట్టి లోయలోకి చూశాను. వెదురు పొదలు, వాగు, రాళ్ళు. ఒకచోట పసుపుపచ్చగా ఏదో కనిపించి కెవ్వుమన్నాను. ఆయన బ్రేకు తొక్కితే బండి పక్కకి జారింది. ఎరువుల సంచులు కప్పిన టార్పాలిన్ అది. ఇద్దరం ఊపిరి తీసుకుని మళ్ళీ కదిలాం. ఇంకో మలుపులో కొత్తగా కొండ చరియ విరిగి రోడ్డు అంచు తెగిపోయి ఉంది. అక్కడ ఆయన దిగి, మట్టిలో టైరు గుర్తులు వంగి చూశాడు.

"బాగానే తిరిగింది ఇక్కడ. తిన్నగానే పోయింది" అన్నాడు. ఎవరికి చెప్పుకున్నాడో తెలియదు.

అటాయల్ కొండజాతి వాళ్ళ ఊళ్ళో యాగు కొట్టు ముందు ఆగాం. యాగుకి అరవై ఉంటాయి, నోట్లో వక్క ఎప్పుడూ ఉంటుంది.

"పసుపు బండా? గంట పైనే అయింది. పాప నా దగ్గర మొక్కజొన్న కంకి కొనుక్కుంది. ఏంటి జిన్-హో, నువ్వు కొండెక్కావేంటి? దారి తప్పావా?" అని నవ్వింది.

ఈయన బండి ముందుకే పోనిచ్చాడు. యాగు నవ్వు ఆగిపోవడం అద్దంలో చూశాను.

ఊరు దాటాక తారు లేదు. నాలుగు కిలోమీటర్ల మట్టిబాట, మధ్యలో వాగు. మా బండి దిగబడుతూ లేస్తూ పోతోంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడిస్తే కిందకి చూడలేనని ఆపుకున్నాను. కాసేపటికి నా నోటి నుంచి ఈ మాట వచ్చింది.

"వాళ్ళు బాగుంటే ఏమీ చెప్పొద్దు. సరదాగా చూసి పోదామని వచ్చామందాం. కబుర్లలో పెట్టి నేను మాట్లాడుతుంటా, నువ్వు కిందకి దూరి బిగించెయ్."

ఆయన గేరు మార్చి బండిని వాగులోకి దించాడు.

వాగు దాటి పైకెక్కితే చదును నేల. అక్కడ పసుపుపచ్చ జీపు, కప్పు మీద గుడారం సగం విప్పి ఉంది. పాప పరిగెడుతోంది. పెద్దావిడ మడత కుర్చీలో కూర్చుని అల్లం చెక్కు తీస్తోంది. నేను బండి తలుపు పట్టుకునే నిలబడ్డాను.

"అరె అన్నా! వదినా! మాతో పాటు భోజనానికి వచ్చేశారే! ఆ పులుసు సరిపోలేదా?" అని బో-కాయ్ ఎదురొచ్చాడు.

ఈయన అతని పక్కనుంచే నడిచి వెళ్ళి, నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరాడు. చాలాసేపు రాలేదు. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి, కదలడం లేదు. నేను పెద్దావిడతో ఏదో వాగుతున్నాను, అల్లం గురించో దేని గురించో. తర్వాత ఆయన బయటికి వచ్చి కూర్చున్నాడు.

"నట్టు లేదు" అన్నాడు.

"ఏం నట్టు?" అంది యూ-చిన్.

అప్పుడు చెప్పేశాడు. పొద్దున ఏం చేశాడో, ఏం మర్చిపోయాడో, గిన్నెలో ఏం మిగిలిందో, ఒక్క ముక్క దాచకుండా. బో-కాయ్ ముందు నవ్వబోయాడు. ఈయన మొహం చూసి ఆపేశాడు.

"మరి ఇంతదాకా ఎలా వచ్చాం?"

"రాడ్డు మొన దాని గూట్లో ఇరుక్కుని ఉంది. అంతే. ఇంకొక్క దెబ్బ గట్టిగా తగిలితే వచ్చేసేది."

యూ-చిన్ వెళ్ళి పాపని ఎత్తుకుంది. ఐదేళ్ళ పిల్లని, చంటిపిల్లలా. పాప దిగుతానని గింజుకుంటే దించలేదు.

"తప్పు నాదమ్మా" అన్నాను నేను. "పని మధ్యలో నేనే పిలిచాను, అరిచి మరీ పిలిచాను."

"పిలిచింది నువ్వు. లేచొచ్చింది నేను" అన్నాడు ఆయన.

ఆయన తెచ్చింది పిన్ను ఒక్కటే, నట్టు తేలేదు. మా బండి కిందకి దూరి, అదే చోట ఉన్న నట్టు విప్పుకొచ్చాడు. దాన్ని వాళ్ళ బండికి పెట్టి, ఈసారి స్పానరుతో బిగించి, పిన్ను దూర్చి కాళ్ళు వంచాడు. బో-కాయ్ కూడా కిందకి దూరి, టార్చి వేసి చూసి, పిన్ను లాగి చూశాడు. ఊడలేదు. ఇక మా బండి అక్కడే ఉండాలి, అందరం పసుపు బండిలోనే దిగాలి. గుడారంలో పడుకోవాలని ఇంకెవరికీ లేదు. ఆ మాట ఎవరూ అనకుండానే యూ-చిన్ గిన్నెలు సర్దేసింది.

సామాను ఎక్కించడం అయ్యాక పెద్దావిడ లేచి, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"మేం నడిచి దిగుతాం. ఊళ్ళో క్యాబేజీ లారీలు ఉంటాయిగా, అందులో వెళ్ళిపోతాం" అంది.

"అమ్మా, నీ మోకాళ్ళు! నాలుగు కిలోమీటర్లు! అన్న బిగించాడు, నేను చూశాను కూడా" అన్నాడు బో-కాయ్.

"చూశావు కదా, మంచిది." మా ఆయన వైపు తిరిగింది. "కోపం లేదు నాయనా. నిజం చెప్పావు, ఇంత దూరం పడుతూ లేస్తూ వచ్చావు. కానీ కాళ్ళు ఎక్కనంటున్నాయి, ఏం చెయ్యను?"

ఈయన తల ఊపాడు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. యూ-చిన్ వెనకే నడిచింది. బో-కాయ్ కాసేపు బండి తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో, మర్యాదగా మా ఆయనకి ఇచ్చాడు.

"మీరే దింపండి అన్నా. అమ్మకి చెయ్యి అందించాలి నేను."

బాట మీద నలుగురూ దిగిపోతున్నారు. పాప మధ్యలో ఉంది. పెద్దావిడ ఆగి, నన్ను చూసి చెయ్యి ఊపింది.

"నువ్వూ రామ్మా! కబుర్లు చెప్పుకుంటూ పోదాం."

వెళ్ళాలనే ఉంది. అబద్ధం చెప్పను, నా కాళ్ళు కూడా అటే లాగుతున్నాయి. పాతికేళ్ళుగా మా ఆయన చేతులు సంపాదించింది తింటున్నాను, వాటిని ఎప్పుడూ అనుమానించలేదు. ఇప్పుడాయన ఎక్కి, ఆ చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"వాళ్ళతో వెళ్ళు, షూ-యిన్" అన్నాడు, నా వైపు చూడకుండా. "నేను మెల్లగా వస్తా."

ఆ బండి ఎక్కాలంటే నాకు భయం వేసింది. పొద్దున్నుంచి పడిన భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అయినా ఎక్కి కూర్చుని, తలుపు లాగి వేసుకున్నాను. ఆయన చెయ్యి తాళంచెవి మీదే ఉంది, తిప్పలేదు.

"పోనియ్యి" అన్నాను.