కోబాల్ చుక్కలు

నా చిన్నప్పుడు ఒక కంప్యూటర్‌ను ఒంటిచేత్తో మొండికేయించాను. పదకొండేళ్లకే అంత తెలివి మరి! ఫిలింనగర్‌లో సినిమా సెట్లకు మేకులు, రంగులు అమ్మే దుకాణదారుడి కూతుర్ని నేను.

అప్పట్లో కంప్యూటర్ భాషల్లో గిరాకీ అంతా కోబాల్‌దే. ఫోర్‌ట్రాన్ పెద్ద చదువులవాళ్లదనీ, బేసిక్ పిల్లలదనీ, ఆఫీసు ఉద్యోగం కావాలంటే మాత్రం కోబాల్ రావాలనీ అనేవారు. అందుకే మా పక్కింటి అక్క అది నేర్చుకుంది. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసువాళ్లు ఆమెకు పరీక్ష పెట్టారు. ఏ రీలు డబ్బా ఏ ఊరికి వెళ్లిందో చూపే ప్రోగ్రాం రాసి తేవాలి. ఒక్కసారే నడిపి చూస్తారు. నడిస్తే ఉద్యోగం.

అక్క కాగితాల నిండా కొట్టివేతలే. నా దస్తూరి బాగుంటుందని శుభ్రంగా ఎత్తి రాయమంది. ఒక రిబ్బను ఇస్తానంటే బేరమాడి రెండు చేశాను. రెండింటికి తగ్గ పని చేయాలి కదా! వాక్యాల చివర ఉన్న చుక్కలు నాకు సిరా మరకల్లా కనిపించాయి. మా దుకాణం చీటీల్లో ఎవరూ చుక్కలు పెట్టరు. ఒక్కటీ మిగల్చకుండా వదిలేశాను. సరిచూసే తీరిక లేక అక్క ఆ కాగితాలతోనే బస్సెక్కింది, నన్నూ వెంటబెట్టుకుని.

ఆఫీసులో టైపు చేసే ఆయన కాగితంలో ఉన్నది ఉన్నట్టే కొట్టాడు. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ మొదట్లోనే మొరాయించింది.

"ఏంటమ్మా ఇది? ప్రోగ్రాం కన్నా తప్పుల జాబితాయే పొడుగొచ్చింది! చుక్కలేవి?"

అక్క నా వంక చూసింది. "నేనే మర్చిపోయిన సార్" అంది.

"ఇంకొక్కసారి నడిపించండి అంకుల్" అని నేను బేరం పెట్టాను.

"ఇదేం కూరగాయల బండి కాదు పాపా" అని ఆయన తరువాతి అమ్మాయిని పిలిచాడు.

గుట్ట దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. అక్క తిట్టలేదు. "గా కంప్యూటర్ మీ నాయిన కాదే, సగం మాటకే సరుకు కట్టియ్యనీకి. మాట యాడ అయిపోయిందో చుక్క పెట్టి చెప్తెనే దానికి సమజైతది. నీకు సమజ్ గాకపోతె నన్నడగాలె. అడిగితె ఏం పోతుండె?"

కోబాల్ గిరాకీ తరువాత వేరే భాషలకు మళ్లింది. నేను మాత్రం నాకు తెలియనిదాన్ని అనవసరమని తీసేసే ముందు ఇప్పటికీ ఒకరిని అడుగుతాను. నిజం చెప్పాలంటే ఆ పాఠం నాకు ఉచితంగానే దక్కింది. అక్కకు మరో ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది ఖరీదు ఆమే కట్టింది.