సూరమ్మగారి పూటకూళ్ళ ఇల్లు

పలక పట్టే వయసులో నా చేతికి గరిటె ఇచ్చారు. అందుకే ఇన్నాళ్ళూ ఇది రాయలేకపోయాను. తల నెరిశాక, పొరుగింటి పంతులమ్మగారు ఓపికగా నా చేత అక్షరాలు దిద్దించారు. ఇవాళ కాలవలో పడవవాడు బూర ఊదగానే చెయ్యి దానంతటదే బియ్యం గిన్నె వైపు వెళ్ళింది. సూరమ్మగారు గుర్తొచ్చారు.

ధవళేశ్వరంలో, పడవల్ని ఆపి వదిలే కాలవ లాకుల దగ్గర ఆవిడ పూటకూళ్ళ ఇల్లు నడిపేవారు. చిన్నతనంలోనే భర్త పోయిన నన్ను వంటసాయానికి పెట్టుకున్నారు. పడవలో ఇద్దరు దిగుతారో ఇరవైమంది దిగుతారో ఎవరికీ తెలియదు. రేవులో శేషయ్యగారిది పెద్ద పూటకూళ్ళ ఇల్లు. అక్కడ పొద్దున్నే గుండిగలకొద్దీ వండేసి, జనం రాకపోతే అన్నం గొడ్ల కుడితిలో పోసేవారు. మా ఇంట్లో పులుసూ పచ్చడీ మాత్రమే ముందు సిద్ధం. ఎసరు కాగుతూ ఉండేది. బూర వినగానే నేను గట్టుకు వెళ్ళి జనాన్ని చూసి వచ్చేదాన్ని. ఎక్కువమంది ఉంటే సూరమ్మగారు వీధిలోకి ఒక్క కేక వేసేవారు. ఇరుగుపొరుగు ఇళ్ళన్నిటా మాకోసం ఎసట్లో బియ్యం పడేవి. ఎవరూ రాని రోజున మా పులుసు ఆ ఇళ్ళకు వెళ్ళేది.

శేషయ్యగారు వెక్కిరించేవారు.

"ఏంటండీ సూరమ్మగారూ, పొయ్యీ అరువే, అన్నమూ అరువే. మీదంటూ ఏముందండీ?"

ఆవిడ నవ్వి పొయ్యి ఎగదోసుకునేవారు.

ఒక శ్రావణంలో గోదావరి పొంగి లాకు తలుపులు మూశారు. పడవలు రాలేదు, బేరం లేదు. శేషయ్యగారు వంటవాళ్ళను పంపేశారు. సంగతి తెలిసి మా అన్నయ్య నన్ను తీసుకుపోవడానికి కాలవగట్టున నడిచి వచ్చాడు. తన ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఒక మూల పడి ఉండమన్నాడు. ఆ మూల ఎలాంటిదో నాకు తెలుసు. పని లేకుండా ఏమని ఉంచుకోనని సూరమ్మగారు తలదించుకున్నారు. నేను మూట కట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే, లాకు తెరిచారనుకుని పెళ్ళివారి పడవలు వచ్చి ఆగిపోయాయి. వాళ్ళంతా శేషయ్యగారి గుమ్మంలో దిగారు. ఆయనకు బియ్యం ఉన్నాయి, గుండిగలున్నాయి, వండే చేతులు లేవు. మా గడపకు వచ్చి సాయం చెయ్యమని అడిగారు. సూరమ్మగారు పాత మాటలేవీ ఎత్తలేదు. గుండిగలూ బియ్యమూ పంపించమన్నారు. నా వైపు తిరిగి, "మూట విప్పమ్మా. నేను పొయ్యి దగ్గర ఉంటాను, కేక నువ్వెయ్యి" అన్నారు.

భర్త పోయిన దగ్గర్నుంచి వీధిలో గొంతు పెంచి ఎరగను. మొదటి కేక నాకే వినపడలేదు. రెండోదానికి తలుపులు తెరుచుకున్నాయి, ఇంటింటి పొయ్యి మీదకూ గుండిగలెక్కాయి. పొద్దు వాలకముందే పెళ్ళివారంతా తిని చేతులు కడుక్కున్నారు.

అన్నయ్య బయల్దేరమన్నాడు. సూరమ్మగారు అడ్డం వచ్చారు.

"మీ చెల్లెలు ఇక్కడే ఉంటుందండి."

"రేపు మళ్ళీ పని లేకపోతే?"

"ఉన్నదాంట్లోనే తింటాం. పని లేదని మనిషిని పంపేస్తే, పనిపడిన రోజున ఎక్కణ్ణుంచి తెచ్చుకోనండీ? పొద్దున నేనూ ఆ తప్పే చెయ్యబోయాను."

ఆవిడ తరవాత ఆ ఇల్లు నేనే నడిపాను. ఎంత ఖాళీ రోజుల్లోనూ నా దగ్గర పనిచేసేవాళ్ళను పొమ్మనలేదు.

ఆ పెళ్ళివారు తిన్న రాత్రే వరద తీసి లాకు తెరిచారు. మర్నాడు పొద్దున శేషయ్యగారి గుండిగలు రేవులో ఇసకతో తోముతుంటే, అన్నయ్య ఎక్కిన పడవ నా ముందునుంచే దిగువకు సాగింది. చెయ్యి ఊపి, మళ్ళీ తోమడంలో పడ్డాను.