జమున వీడియోలో పాలిపోయిన ఎరుపు

జమున పరరాష్ట్రంలోని ఒక బట్టల మిల్లుల నగరంలో, డిండోలి అనే పేటలోనే పెరిగింది. చీరల దుకాణాలకు వీడియోలు తీసి, రంగులు దిద్ది ఆన్‌లైన్‌లో పెట్టడం ఆమె పని. తండ్రి సదానందం సిరిసిల్ల నుంచి వచ్చి, ముప్పై ఐదేళ్లుగా అదే నగరంలో ఉధనాలోని ఒక డైయింగ్ మిల్లులో రంగులు కలుపుతున్నాడు. ఇల్లంతా రంగుల మీదే నడుస్తోందని తల్లి నవ్వుతుండేది.

మూడు వారాలుగా ఆ ఇంట్లో నవ్వు లేదు. జమున తీసిన వీడియో చూసి ఎర్ర పట్టు చీరలు తెప్పించుకున్నవాళ్లు, వీడియోలో రంగు వేరు, వచ్చిన రంగు వేరు అని వరసగా తిప్పి పంపారు. ఆ చీరలు అమ్మిన దుకాణం సేఠ్, వాటికి రంగు వేసిన సదానందం మిల్లు మీద పడ్డాడు. మిల్లువాళ్లు సదానందాన్ని పనిలోకి రావద్దన్నారు. తాను కలిపిన రంగు సరైనదేనని ఆయన ఒక్కసారే చెప్పి ఊరుకున్నాడు. వయసు మీదపడి చూపు తగ్గిందేమోనని జమున ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లింది.

ఆదివారం ఆమె నగరం అవతలివైపు అమ్రోలిలో స్నేహితురాలు కరుణ ఇంటికి వెళ్లింది. కరుణ కూడా ఆ చీర తెప్పించుకుంది. తిప్పి పంపుదామని మడతపెట్టి ఉంచింది.

"జర చూడే. ఫోన్ల ఇటుకరంగు చూపెట్టిండ్రు. వచ్చింది పండుమిరప లెక్కున్నది," అంటూ ఫోనును చీర పక్కన పెట్టింది.

చీర మీద వేసిన జమున చేయి అక్కడే ఆగిపోయింది. షూటింగ్ రోజు ఇదే రకం చీర కుచ్చిళ్లు సర్దింది తనే. ఇది అదే ఎరుపు, వెంట్రుకవాసి తేడా లేదు. పాలిపోయింది చీర కాదు, తన వీడియో. చీరను తిప్పి పంపొద్దని కరుణకు చెప్పి, దాన్ని అడిగి తీసుకుని బయలుదేరింది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే అందులో ఎరుపు నిండుగానే ఉంది. ఇన్నాళ్లూ ఆ తెర మీద తప్ప ఇంకెక్కడా చూసుకోలేదు. ఆ తెర మామూలు ఫోన్లకంటే ఎక్కువ రంగులు చూపిస్తుంది. వీడియోను తుది ఫైలుగా మార్చేముందు రంగుల్ని ఆన్‌లైన్‌లో అందరూ వాడే రెక్ 709 కొలతకు మార్చాలి. ఆమె రంగులు మార్చకుండా ఫైలుకు ఆ పేరు మాత్రం తగిలించింది. ఆ పేరును నమ్మిన ఫోన్లు ఎరుపును చప్పగా చూపించాయి. అంతే జరిగింది. దానికి తండ్రి పని పోయింది.

తండ్రికి అంతా చెప్పింది.

"నువ్వు సుత తప్పు నాదే అనుకున్నవ్ గదా బిడ్డా," అన్నాడు ఆయన.

"అనుకున్న బాపు."

"మరి సేఠ్‌కు ఎవలు చెప్తరు?"

"నేనే చెప్త."

మర్నాడు రంగులు సరిగా మార్చి వీడియో ఫైలును మళ్లీ తయారుచేసింది. ఎవరికీ కనబడకుండా అప్‌లోడ్ చేసి, మూడు రకాల ఫోన్లలో తెరిచి, కిటికీ వెలుతురులో కరుణ చీర పక్కన పెట్టి చూసుకుంది. మూడింటిలోనూ అదే ఎరుపు. చీరా ఫోన్లూ తీసుకుని నేరుగా దుకాణానికి వెళ్లింది. సేఠ్ పాత వీడియో, కొత్త వీడియో మార్చి మార్చి చూశాడు. కేకలు వేయలేదు. మిల్లుకు ఫోన్ చేసి తప్పు వాళ్లది కాదని చెప్పాడు. ఆ తర్వాత ఆమెను పనికి పిలవలేదు.

మిల్లు నుంచి కబురొచ్చినా సదానందం రెండు రోజులు ఆగి గానీ వెళ్లలేదు. జమున మిగతా దుకాణాల వీడియోలన్నీ ఎవరూ అడగకుండానే రంగులు సరిచేసి ఇచ్చింది. తండ్రి పక్కన కూర్చుని అన్నం తినడానికి మాత్రం ఆమెకు చాలా రోజులే పట్టింది.