వెనకగది ఫ్యాను

బ్రూస్‌పేటలోని ఓ బేకరీ వెనకగదిలో భీమక్క ఇరవై ఏళ్ళుగా నిలబడే కేకుల మీద క్రీంతో పూలు వేస్తోంది. అక్కడ ఫ్యాను లేదు. పువ్వుకోసారి కొంగుతో మెడ తుడుచుకుంటుంది.

ఈసారి ఊళ్ళో ఎగ్జిబిషన్‌లో కేకుల పోటీ పెట్టారు. "ఫస్టొస్తే ఈడ ఫ్యాను పెట్టిస్తావాప్పా?" అని యజమానిని అడిగింది. "ముందు గెల్సుకోని రా భీమక్కా, ఆమేలె నీకు గాలే గాలి!" అని అతను నవ్వాడు. పోటీలో ఆమె పూలు వేయలేదు. క్రీం కోను పట్టి, నొప్పి పెట్టే మణికట్టుకు రెండో చెయ్యి ఆనించుకుంటూ, కేకు నిండా ఎర్రటి మిరపచేను వేసింది. మొదటి బహుమతి వచ్చింది.

వారానికి టేబుల్ ఫ్యానూ వచ్చింది. భీమక్క కాసేపు దాని ముందు కళ్ళు మూసుకుని నిలబడింది. బల్ల మీద కేకు క్రీం ఉక్కకు కరిగి జారుతోంది. ఫ్యానును అటు తిప్పింది.

"సల్లగుండాదా భీమక్కా?" ముందు కౌంటరు దగ్గర్నుంచి యజమాని కేకేశాడు.

"ఉండాదిలేప్పా," అంటూ కొంగుతో మెడ తుడుచుకుంది.