కాకి పగ, బాపు శాలువా

మా గేటు ముందు వేపచెట్టు మీది కాకి గూడు పుల్లలది కాదు, గనిలో బొగ్గు పేల్చగా మిగిలిన రంగురంగుల వైర్లది. బుట్ట అల్లుదామని మా అవ్వ, అంటే అమ్మ, దాచుకున్న వైర్లవి. దొంగ కాకి ఒక్కొక్కటే లాక్కుపోయింది. "నా వైర్లు నాకు తెచ్చియ్యి" అని అవ్వ పోరు పెడితే బాపు నిచ్చెన వేశాడు. గూట్లో పిల్లలున్నాయని చూసి, చెయ్యి పెట్టకుండానే దిగొచ్చాడు పాపం. ఆ మంచితనం కాకికేం తెలుసు?

తెల్లారి నుంచి బాపు గడప దాటితే చాలు, వెనకనుంచి వచ్చి నెత్తిన ఠక్కున పొడిచేది. కాలనీలో ఇంకెవరినీ ముట్టదు. హెల్మెట్ పెట్టుకుంటే దానిమీదెక్కి డప్పు కొట్టింది. కాకులు మనిషి మొఖం మరిచిపోవట! రోజూ గని మీదే స్నానం చేసి వచ్చే బాపు, ఒకనాడు నీళ్లు లేక బొగ్గు మొఖంతోనే వచ్చాడు. కాకి గుర్తుపట్టలేదు. ఇంకేం, అప్పట్నుంచి పోయేటప్పుడు కూడా ఇంత బొగ్గుపొడి పూసుకునే పోయేవాడు. పక్క క్వార్టర్ చాచా పడీపడీ నవ్వాడు. "నువ్వు గూడ కాకివే అనుకుంటున్నది, భాయ్!"

మే డే నాడు బాపుకు సన్మానం. ముప్పై ఏండ్ల సర్వీసులో స్టేజీ ఎక్కడం అదే మొదలు. అవ్వ తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. "తొవ్వల గా కాకి పొడిస్తే అందరి ముందల నా ఇజ్జత్ పోతది" అని బాపు మొఖానికి దట్టంగా బొగ్గు పట్టించాడు. సభ జరిగే గ్రౌండ్‌లో నల్లా దగ్గర కడుక్కుంటాడట. కాకి చూసింది, ఊరుకుంది. గెలిచామనుకున్నాం.

నల్లా తిప్పితే గాలొచ్చింది. ఎండాకాలం కదా! అంతలోనే మైకులో పిలిచారు. అవ్వ కొంగుతో తుడిస్తే బొగ్గు మెడదాకా పాకింది. బాపు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అట్లాగే ఎక్కాడు. ఆఫీసరు శాలువా కప్పి, "చూడుండ్రి, షిఫ్టు దిగి సీదా వచ్చిండు! కార్మికుడంటే గిట్లుండాలె" అన్నాడు. ఒకటే చప్పట్లు. ఆ రోజు బాపుకు సెలవు.

ఆ ఫొటో మా గోడకుంది. పళ్లు తప్ప ఏమీ కనబడవు. స్టూడియోలో మంచి ఫొటో దిగు బాపూ అని నేను గొడవపడితే అవ్వ కసిరింది.

"ముప్పై ఏండ్లు గీ మొఖంతోనే మనల్ని సాది పెంచిండు. గిదే ఉండనియ్యి."

నాకు సిగ్గేసింది. కాకి పుణ్యమా అని ఆ బొగ్గు మొఖం చూశాను గానీ, అన్నేళ్లూ నాకు తెలిసింది కడుక్కొని వచ్చిన బాపే.