‘మాజీ’ అనిపించుకోని ఎంపీ గారు

2022 వేసవి. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో, ఒక ఇండియన్ కిరాణా కొట్టు పక్కనే నా లా ఆఫీసు. కొట్టుకి కరివేపాకు లోడు వచ్చిన రోజున నా ఆఫీసు ముందు పార్కింగ్ దొరకదు. నేను ఇమిగ్రేషన్ లాయర్ని. నా పనిలో ఎక్కువ భాగం మన ఇంజనీర్ల హెచ్‌-1బి వీసాలు, గ్రీన్ కార్డులు. అవి ముఖ్యమైనవే, కాని ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు. ప్రాణం మీదికి వచ్చేవి అసైలం కేసులు. తమ అభిప్రాయాల వల్లో, మతం వల్లో, జాతి వల్లో సొంత దేశంలో హింసకు గురైనవారికి, తిరిగి వెళితే గురవుతామని భయపడేవారికి ఇచ్చే ఆశ్రయం అది.

నా కుర్చీ వెనక గోడకి మా తాతగారి ఫొటో ఉంటుంది. తలపాగా, చేతికర్ర, ముందు ఎదుటివాడే నమస్కారం పెట్టాలన్న చూపు. గోదావరి జిల్లాలో మాది చిన్న ఎస్టేటు. జమీందారీ రద్దు చట్టంతో పోయింది. మిగిలినవి ఆ ఫొటో, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు. రెండింటినీ అమెరికా తెచ్చుకున్నాను. వాటి గురించి నేను ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

ఆఫీసు తెరిచినప్పటి నుంచి నా పారాలీగల్ సుజాత గారు. పారాలీగల్ అంటే కేసు కాగితాలు సిద్ధం చేసే సహాయకురాలు. కరీంనగర్ మనిషి. నన్ను ‘సార్’ అంటారు, ఫొటోలోని తాతగారిని ‘పెద్దసార్’ అంటారు, మా ఇద్దరికీ భయపడరు.

ఆ వేసవిలో వచ్చారు ఈ క్లయింట్. ఆయన పేరు, దేశం పేరు రాయను. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను కాని, ఆయన అక్క ఇంకా అక్కడే ఉంది. ఎంపీ గారు అనే అంటాను. హెడ్మాస్టరుగా పనిచేసి, ఒక కొండ జిల్లా నుంచి రెండుసార్లు పార్లమెంటుకి ఎన్నికయ్యారు. ఒక తెల్లవారుజామున సైన్యం పార్లమెంటుకి తాళం వేసింది. తాళం వేసినంత మాత్రాన సభ్యత్వం పోదని కొందరు సభ్యులు ఒక బియ్యం మిల్లులో చేరి ప్రమాణం చేశారు. ఆ మిల్లులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా వేటాడారు. ఈయన్ని పట్టుకుని పక్కటెముకలు విరగ్గొట్టి జైల్లో పెట్టారు. జబ్బుపడితే వదిలిపెట్టి, కోలుకుంటుంటే మళ్ళీ అరెస్టుకు ఆర్డరు వేశారు. అప్పుడు సరిహద్దు దాటి, చివరికి అమెరికాలో, మా పక్క ఊళ్ళో ఉన్న మేనకోడలి ఇంటికి చేరారు.

ఆయనతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. లోపలికి వస్తూనే ఆయన చూపు ఫొటో మీద పడింది.

“ఆ పెద్దమనిషి ఎవరు?”

“మా తాతగారు. జమీందారు.”

“ఎస్టేటు ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు?”

“ఎవరూ లేరు. మీలాంటి వాళ్ళు సభలో కూర్చుని చట్టం చేసి తీసేసుకున్నారు.”

ఆయన కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. “అయితే లాయర్ గారూ, ఈ ఊళ్ళో ఇంతమంది ఉండగా సరిగ్గా మీ దగ్గరికే వచ్చాను.”

నేను నవ్వలేదు. మా ఇంట్లో ఆ విషయం మీద నవ్వే ఆనవాయితీ లేదు. ‘ఎమ్మెల్యే’ అనే మాట వినిపిస్తే తాతగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టేసేవారట.

దరఖాస్తు నింపుతుండగా మొదటి తగాదా వచ్చింది. వృత్తి అన్న చోట ‘మాజీ పార్లమెంటు సభ్యుడు’ అని నేను రాయించాను.

“మాజీ కాదు,” అన్నారు ఎంపీ గారు.

“పార్లమెంటే లేదు కదండీ.”

“నన్ను ఎన్నుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు దింపితే మాజీని. సిపాయి దింపితే కాదు.”

“ఆఫీసర్‌కి అర్థమయ్యేలా రాయాలి. మాజీయే సరైన మాట.”

ఆయన వాదించలేదు. నవ్వి, “మీ కలం, మీ ఇష్టం,” అన్నారు. ఆయన వెళ్ళాక సుజాత గారు కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండానే అన్నారు, “మీ పెద్దసార్‌ని ఎవ్వలన్న మాజీ జమీందార్ అంటే ఊకునేటోడా, సార్?”

“పని చూడండి,” అన్నాను.

ఇంటర్వ్యూ తేదీ రావడానికి నెలలు పట్టింది. ఈలోగా వర్క్ పర్మిట్ వచ్చి ఎంపీ గారు ఒక సూపర్ మార్కెట్ బేకరీలో చేరారు. మా ఆఫీసుకి వచ్చినప్పుడల్లా బన్నులు తెచ్చేవారు. ఆయన ఫోన్ ఎప్పుడూ మోగుతూనే ఉండేది. నియోజకవర్గం నుంచి జనం చేసేవారు. ఫలానా వంతెన కూలింది, ఫలానావాడి కొడుకు ఆచూకీ లేదు అని. చేతికి పిండి అంటుకుని ఉన్నా ఫోన్ ఎత్తి, తెలిసినవాళ్ళ నంబర్లు ఇచ్చేవారు.

ఇంటర్వ్యూ అంటే ప్రమాణం చేయించి, అసైలం ఆఫీసర్ గంటల తరబడి అడిగే ప్రశ్నలు. అందులో తేలేది ఒకటే: క్రెడిబిలిటీ. అంటే, ఈ మనిషి మాట నమ్మదగిందా? చెప్పిన విషయాలే కాదు, చెప్పిన తీరు కూడా చూస్తారు. ఆఫీసర్ కాదంటే కేసు కోర్టుకి వెళ్తుంది. అక్కడా కాదంటే వెనక్కి పంపేస్తారు. వెనక్కి పంపడమంటే ఈయన విషయంలో ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా జైలుకే.

నాకొచ్చిన చిక్కు ఏమిటంటే, ఎంపీ గారు తన కష్టాలన్నీ నవ్వుతూ చెప్పేవారు. అరెస్టు చేయడానికి వచ్చిన సిపాయి ఒకప్పుడు తమ ఊరికి బడి కావాలని ఈయన దగ్గర అర్జీ పెట్టుకున్నవాడట. “ముందు సారీ చెప్పాడు, తర్వాత బేడీలు వేశాడు, తర్వాత బడి సంగతి ఏమైందని అడిగాడు,” అని పొట్ట పట్టుకుని నవ్వేవారు. పక్కటెముకల సంగతీ అలాగే. అది విన్న ఏ ఆఫీసర్ అయినా ఇతనికి ఏమీ జరగలేదు, కథలు చెబుతున్నాడు అనుకుంటాడు.

అందుకని తర్ఫీదు మొదలుపెట్టాను. నిటారుగా కూర్చోండి. కళ్ళలోకి చూడండి. అడిగినదానికే జవాబు చెప్పండి. నవ్వకండి. ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టాం. సుజాత గారు ఆఫీసర్ వేషం కట్టారు. మెడలో ఎవరిదో కాన్ఫరెన్స్ బ్యాడ్జి తగిలించుకుని, గొంతు మార్చి అడిగేవారు. కొద్ది రోజుల్లోనే ఎంపీ గారు నవ్వడం మానేశారు. నేను సంతృప్తిపడ్డాను.

సుజాత గారు పడలేదు. “సార్, నవ్వేటి మనిషిని తెచ్చి కొయ్యబొమ్మ చేసిండ్రు. అచ్చం మీ లెక్కనే అయిండు.”

“అదే కావాల్సింది.”

“మీకైతే నడుస్తది, మీ మొకమే గంత. ఆయన మొకానికి అది అతికించినట్టున్నది.”

వినలేదు. మా వంశంలో ఎదుటివాడి ముందు ఎలా కూర్చోవాలో ఎవరూ మాకు చెప్పనక్కర్లేదు.

ఇంటర్వ్యూ శాన్ ఫ్రాన్సిస్కోలో. ఆఫీసర్ ముప్పై దాటని అమ్మాయి. మర్యాదగానే ఉంది. అడుగుతోంది, టైప్ చేస్తోంది. అలాంటి గదిలో లాయర్ నోరెత్తకూడదు. ఆఖర్న క్లోజింగ్ స్టేట్‌మెంట్ అని రెండు మాటలు చెప్పుకోవడానికి అవకాశం ఇస్తారు. ఎంపీ గారు నేను నేర్పినట్టే కూర్చున్నారు. జవాబులన్నీ పొట్టిగా, ఒకే గొంతుతో వస్తున్నాయి. వింటుంటే నాకే తెలిసిపోయింది. అవి ఆయన మాటలు కావు, పాఠం అప్పజెబుతున్న పిల్లవాడి మాటలు. ఆ హెడ్మాస్టర్‌ని నేనే బల్ల మీద నిలబెట్టాను.

ఆఫీసర్ టైప్ చేయడం ఆపింది. “ఇవన్నీ ఇలా చెప్పమని మీకు ఎవరైనా నేర్పారా?”

ఆ ప్రశ్న తర్వాత గట్టెక్కిన కేసులు తక్కువ. ఎంపీ గారు నా వైపు చూశారు. నేను ఏమీ అనడానికి లేదు.

“విషయాలు ఎవరూ నేర్పలేదమ్మా. నవ్వొద్దని మాత్రం మా లాయర్ గారు నేర్పారు.”

“నవ్వడమెందుకు?”

“మా కొండల్లో తన కష్టం చెప్పుకునేవాడు నవ్వుతూ చెప్పాలి. వినేవాళ్ళ మీద బరువు పెట్టకూడదు. అదీకాక, నేను ఎంపీని. జనం నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు. నేను ఎవరి దగ్గరికీ వెళ్ళి నా గోడు చెప్పుకోలేదు. ఆ పని చేయడం మీ ముందే మొదటిసారి. ఎలా చెప్పాలో నాకు తెలియదు.”

ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. “మీకు ఎలా వస్తే అలా చెప్పండి,” అంది.

ఇక ఆయన్ని ఆపలేకపోయాం. సిపాయి కథ చెప్పారు. ఆ అమ్మాయి పెదవి బిగబట్టుకుంది. జైల్లో వరసగా ఉన్న గదుల్లో ఐదుగురు ఎంపీలు ఉండేవారట. రోజూ మధ్యాహ్నం గోడల మీదుగా అరుచుకుంటూ సభ జరిపేవారట. ఒకాయన స్పీకర్. ప్రశ్నోత్తరాలు, నిరసనలు, వాకౌట్లు కూడా. “వాకౌట్ చేసి ఎక్కడికి వెళ్తావని స్పీకర్ తిట్టేవాడు. నేను ప్రతిపక్షం. గంజిలో పురుగుల మీద సావధాన తీర్మానం పెట్టాను. ఏకగ్రీవంగా ఆమోదించారు.” నవ్వుతున్నారు. ఆఫీసర్ కూడా నవ్వింది.

“తర్వాత?” అని అడిగింది.

“తర్వాత ఒకరోజు స్పీకర్‌ని తీసుకుపోయారు. మర్నాడు ఇంకొకాయన్ని. మూడో రోజు మధ్యాహ్నం నేను సభ్యుల్ని పిలిచాను.” అక్కడ నవ్వు ఆగింది. ఆయనకీ తెలియకుండానే ఆగింది. చాలాసేపటికి అన్నారు, “కోరం లేదు.”

ఆమె నీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

నా వంతు వచ్చింది. నా దగ్గర మంచి స్టేట్‌మెంట్ ఉంది. ప్రపంచ దేశాల చట్టసభలు కలిసి పెట్టుకున్న ఒక సంస్థ, హింసకు గురైన సభ్యుల మానవ హక్కుల కోసం వేసిన కమిటీలో ఈయన కేసు నమోదు చేసుకుంది. అవన్నీ ఉదహరిస్తూ, సెక్షన్లతో సహా, తాతగారు వింటే మీసం దువ్వేటంత ఇంగ్లీషులో రాసుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. “ఈయన్ని కొట్టింది ఈయన మాట కోసం కాదు, ఈయనకు ఓటేసిన వాళ్ళందరి మాట కోసం. ఇంక నేను చెప్పేది లేదు,” అన్నాను.

కారెక్కాక ఎంపీ గారే అడిగారు, “మీ పాఠం పాడుచేశాను, కోపం వచ్చిందా?”

“లేదు,” అన్నాను. “నేను ఓడిపోయాను. మా ఇంట్లో ఇది రెండోసారి. రెండుసార్లూ చట్టసభల వాళ్ళ చేతిలోనే.” ఈసారి నేనూ నవ్వాను. బే బ్రిడ్జి దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

కొన్ని వారాలకు అసైలం మంజూరైంది. సుజాత గారు పక్క కొట్టు నుంచి మైసూర్‌పాక్ తెచ్చి, మొదటి ముక్క తాతగారి ఫొటో ముందు పెట్టారు. “పెద్దసార్, ఎంపీకి మీ మనవడు సాయం చేసిండు, ఏమనుకోకుండ్రి,” అన్నారు.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. అసైలం క్లయింట్ ఎవరు వచ్చినా, కూర్చోవడం నేర్పే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీ ఊళ్ళో కష్టం ఎలా చెప్పుకుంటారు? కొందరు పాడతారు. కొందరు వేరేవాళ్ళ పేరు పెట్టి చెబుతారు. ఒకావిడ కూర చేస్తేగాని మాట పెగలదంది. అదంతా ముందే రాసి ఆఫీసర్‌కి పంపుతాను.

మా ఎస్టేటు సంగతి కూడా కొంచెం వేరుగా చూస్తున్నాను. సభలో చేతులెత్తి, ఓట్లు లెక్కపెట్టి, పట్టపగలు తీసుకున్నారు. తాతగారు కోర్టుకి వెళ్ళారు, వాదించారు, ఓడారు, రాత్రికి ఇంటికి వచ్చి తన మంచం మీద పడుకున్నారు. ఎవరూ ఆయన పక్కటెముకలు విరగ్గొట్టలేదు. అయినా, చట్టం న్యాయమైనదని నాచేత ఒప్పించలేరు. అది వేరే వాదన.

ఏడాది గడిచాక ఎంపీ గారు గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టడానికి వచ్చారు, బన్నులతో సహా. ఫోన్‌లో ఎవరికో వంతెన గురించి చెబుతున్నారు. సుజాత గారు స్క్రీన్ మీద నుంచి తలెత్తి అడిగారు, “సార్, వృత్తి కాడ ఏం రాయాలె? బేకరీ అని రాయాల్నా, ఎంపీ అనా?”

“రెండూ రాయండి,” అన్నాను. “మాజీ మాత్రం రాయకండి.”