ఎడమచేతి మడత

నా చిన్నప్పుడు మా ఇంటికి క్రిస్మస్ నూనె వాసనతో వచ్చేది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి, మాది జమ్మలమడుగు. పండగ ఇంకా రెండు రోజులుందనగానే మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, నడింట్లో చాప పరిచి అందర్నీ కజ్జికాయలకు కూర్చోబెట్టేది. మగవాళ్లకు కూడా ఆ పూట తప్పించుకునే వీలు లేదు. నాయన కొబ్బరి తురిమేవాడు, అమ్మ పిండి ఒత్తేది, నేను పప్పుల పొడీ బెల్లమూ కలిపిన పూర్ణం పెట్టేదాన్ని, జేజి అంచులు మడిచేది. గుడికి పోవడం ఎంత పండగో, ఒక చాప మీద మోకాళ్లు తగిలేట్టు కూర్చోవడం కూడా అంతే పండగని ఆమె నమ్మకం.

ఆ చాపకు ఎడమ చివర మాత్రం కొంచెం జాగా వదిలేసేది. అది మా మేనత్తది. ఆమెది ఎడమచేతి వాటం. పక్కవాళ్లకు మోచెయ్యి తగలకుండా చిన్నప్పటినుంచీ ఆ చివరనే కూర్చోబెట్టేవాళ్లట. జేజి మడిస్తే కజ్జికాయ అంచు జడ అల్లినట్టు కుడికి తిరిగేది. అత్త మడిస్తే ఎడమకు తిరిగేది. గంపలో అన్నీ కలిపి పోసినా ఆమెవి ఏరి పక్కన పెట్టొచ్చు. ఆ వాటం మాన్పించాలని ఒకప్పుడు చేతికి గుడ్డ కూడా కట్టి చూసిందట జేజి. మాన్పించలేకపోయినందుకు తర్వాత దేవునికి స్తోత్రాలు చెప్పుకుంది.

ఎందుకో చెబుతాను. అత్త టీచరు ట్రైనింగుకని ప్రొద్దుటూరు పోయి, అక్కడ బట్టల కొట్టులో గుమాస్తాను పెళ్లి చేసుకుంది. ఆయన మా మతం కాదు. మా నాయన చర్చిలో సంఘ పెద్ద. చెల్లెలు ఈ గడప తొక్కితే తాను గుళ్లో నిలబడనని ఒట్టు పెట్టుకున్నాడు. క్షమించడం గురించి ఆయన ఆదివారం చెబుతుంటే ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు. ఇంట్లో మాత్రం చెల్లెలి పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. మంచివాడే, కాదనను. కానీ మంచివాళ్ల మొండితనానికి మందు లేదు, తాము తప్పు చేస్తున్నామని వాళ్లకు తోచదు.

అత్త ఇల్లు విడిచాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కు పక్కింటి బూబమ్మ ఒక పళ్లెం తెచ్చిచ్చింది. ఆమె భర్త గాజుల వ్యాపారి, సరుకు కోసం ప్రొద్దుటూరు పోయి వస్తుండేవాడు. పండగని మా ఇంట్లోనే చేసినాం పెద్దమ్మా, అని పళ్లెం మీద గుడ్డ తీసింది బూబమ్మ. ఎడమకు తిరిగిన కజ్జికాయలు. జేజి ఒక్కటి తీసి అంచు మీద వేలు పెట్టి చూసుకుంది. ఏమీ అడగలేదు, బూబమ్మా ఏమీ చెప్పలేదు. అప్పటినుంచీ ఏటా గుడినుంచి రాగానే ఆ పళ్లెం వచ్చేది. అది ఎవరు చేసిందో ఇంట్లో అందరికీ తెలుసు, నాయనకు మరీ బాగా తెలుసు. తీపి పడదని చెప్పి ఆయన ఒక్కటీ ముట్టేవాడు కాదు. మిగతా మూడొందల అరవై రోజులూ ఆయనకు తీపి పడేది.

జేజి ఆశ ఒక్కటే. తాను కన్ను మూసేలోగా ఒక్క పండగకైనా కూతురు ఆ ఎడమ చివర కూర్చోవాలి. ప్రతి రాత్రీ ప్రార్థనలో ఆ మాట పైకే అనేది. నాయన కళ్లు మూసుకుని వినేవాడు. ఆమేన్ అని కూడా అనేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పటి క్రిస్మస్ అది. గుడినుంచి మేము ముందుగా వచ్చేశాం, నాయన అందరితో చేతులు కలుపుతూ వెనకబడ్డాడు. బూబమ్మ పళ్లెం తెచ్చింది. ఎప్పుడూ కూర్చుని కాసేపు మాట్లాడే మనిషి ఆ రోజు గడప దగ్గరే ఇచ్చేసి, పొయ్యి మీద ఎసరుందని తిరుక్కుంది. నేను గుడ్డ తీశాను. కజ్జికాయల అంచులు సగం దూరం ఎడమకు పోయి, అక్కడినుంచి కుడికి తిరిగిపోయి ఉన్నాయి. ఒకటి రెండు కాదు, అన్నీ అంతే. అత్త మరిచిపోయిందా ఏంది, అనబోయాను. జేజి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బూబమ్మ వాళ్ల గుమ్మం దాటి లోపలికి పోయేదాకా వదల్లేదు. ఆ తర్వాత అమ్మను అన్నం వడ్డించమంది, అంతే.

నాయన వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. జేజి ఆ పళ్లెం తీసుకుపోయి ఆయన ముందు పెట్టింది.

"తిను అబ్బీ. ఇంగ నీకేం అడ్డం లేదు. ఇవి నీ చెల్లెలు చేసినవి గాదు."

నాయన కోపంగా తలెత్తాడు. తర్వాత అంచు చూశాడు. ఆ మడత పక్కన కూర్చుని పెరిగినవాడు ఆయన, ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అయినా, ఒళ్లు బాగలేక ఇంకెవరి చేతనో చేయించి పంపిందేమోనన్నాడు.

"బాగలేకుంటే బాగలేదని బూబమ్మ చెప్పేది, పళ్లెం వచ్చేది గాదు. ఆయమ్మ కూర్చోని, తనకు రాని మడత మడిచి తెచ్చిందంటే మనిషి లేదు అబ్బీ."

ఆయన లేచి చొక్కా తీసుకున్నాడు, ప్రొద్దుటూరు బస్సుకు పోతానన్నాడు. ఇప్పుడు పోయి ఎవరిని పిలుచుకొని వస్తావని అడిగింది జేజి. నాయన చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అది నేను కళ్లారా చూసింది ఆ రోజే. ఆయన ఏడుస్తాడేమోనని చూశాను. ఏడ్వలేదు. జేజి మాత్రం ఒక కజ్జికాయ తీసుకుని చివరిదాకా తినింది. పాపం, ఎంత తిప్పలు పడి మడిచిందో, పారెయ్యగూడదు, అని నాతో అనింది. బూబమ్మకు మేము కనిపెట్టినట్టు తెలియకూడదని మా అందరిచేతా మాట తీసుకుంది.

కొత్త సంవత్సరం దాటాక బూబమ్మా, ఆమె భర్తా వచ్చి చెప్పారు. కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారట, పండగకు నెల ముందే. వాళ్లకు తెలిసేసరికే పెన్న ఒడ్డున అంత్యక్రియలు కూడా అయిపోయాయట. ముసలితల్లికి ఈ ఒక్క పండగన్నా దాటిపోనీ అనుకున్నామని బూబమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. జేజి అప్పుడే విన్నట్టు విని, అప్పుడే ఏడ్చింది. అన్ని రోజులూ ఆమె ఆ ఏడుపును దాచిపెట్టింది బూబమ్మ కోసమే.

మరుసటి ఏడు జేజి చాప పరచలేదు. తర్వాత పరచడానికి ఆమె లేదు. నాయన చాలా ఏళ్లు బతికాడు, గుళ్లో నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు, క్షమించడం గురించి మాత్రం మళ్లీ చెప్పలేదు. తీపి నిజంగానే మానేశాడు.

ఇప్పుడు మా ఇంట్లో కజ్జికాయలు అచ్చులో నొక్కుతారు, అన్నీ ఒకేలా ఉంటాయి. నేను మాత్రం ఒక్కటి ఎడమకు మడవాలని చూస్తాను. సగం దాకా పోయి, నాకు తెలియకుండానే కుడికి తిరిగిపోతుంది. అది చేతిలో పట్టుకున్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. తలుపు మూసేవాళ్లు, అవతలి మనిషి ఎప్పటికీ బయట నిలబడే ఉంటుందన్న ధీమాతో మూస్తారు. నా బిడ్డల మీద నాకెంత కోపమొచ్చినా గడియ పెట్టుకోను. అది నా మంచితనమని వాళ్లనుకుంటారు. నాకు భయం, అంతే.